యాకయ్య కెమెరాకు పెట్టిన ముక్కు

జనగామలో ఫోటోలు తీసే యాకయ్య ఏ వస్తువునూ మొదటి చూపులో నమ్మిన మనిషి కాదు. ఫిల్ము డబ్బా మీద గడువు తేదీ చదివి ఊరుకోడు. అసలు తేదీ మీద వేరే కాగితం అంటించారేమోనని గోటితో గీరి చూసేవాడు. కిరాణా కొట్టులో తూకం వేస్తుంటే తక్కెడను చూడడు, తక్కెడ పట్టిన చేతిని చూస్తాడు. ఈ గుణం వల్ల అతనికి స్నేహితులు తక్కువ, నష్టాలు కూడా తక్కువ. ఇంతటి అనుమానస్తుడు ఒక్కసారి మాత్రం ఒక వస్తువును శ్రద్ధగా, పద్ధతిగా పరీక్షించి మరీ పొరబడ్డాడు. ఆ పొరపాటు దేవరుప్పుల అన్నదమ్ముల పొలం తగాదా రూపంలో నా బల్ల మీదికి వచ్చింది. ఆ తగాదాలో నేను ఒక పక్షానికి వకీలును. అందువల్ల ఇందులో నేను కళ్లారా చూసినది కొంత, యాకయ్య నోట విన్నది కొంత ఉంది.

అతనిది మానుకోట పక్కన ఒక పల్లె. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడినప్పుడు వరంగల్లులో పీయూసీ చదువుతున్నాడు. చదువు సాగే దారి కనిపించక మానుకోటలో ఒక స్టూడియోలో పనికి చేరాడు. ఒకరోజు స్టేషను ముందు నుంచి ఊరేగింపు పోయింది. యజమాని మేడ మీద నిలబడి ఒక ఫోటో తీశాడు. యాకయ్య రోడ్డు మీద నిలబడి ఇంకొకటి తీశాడు. మేడ మీది ఫోటోలో వందమంది పలుచగా నడుస్తున్నారు. రోడ్డు మీది ఫోటోలో మనుషుల మధ్య సందు లేదు. రెండూ ఒకే నిమిషంలో తీసినవి, రెండింటిలోనూ ఉన్నది ఆ జనమే.

పది రోజుల తర్వాత ఎవరో ఇద్దరు వచ్చి నెగెటివులు చూపమన్నారు. ఎవరు పంపారో చెప్పలేదు. "కడిగేటప్పుడు ఖరాబైనయి" అని యజమాని చేతులు తుడుచుకున్నాడు. వాళ్లు మెట్లు దిగాక యాకయ్యను పిలిచి అన్నాడు.

"ఫోటో అంటే గవాహిరా. గవాహి యాడ నిలవడి చూసిండో రాసిపెట్టుకో. నెగెటివ్ మాత్రం ఎవ్వనికియ్యకు."

గవాహి అంటే సాక్షి. ఆ మాటను యాకయ్య జీవితాంతం పాటించాడు. జనగామలో సొంత దుకాణం పెట్టిన తర్వాత కూడా ప్రతి నెగెటివునూ ఒక కాగితపు కవరులో వేసి, ఎక్కడ నిలబడి తీశాడో, వెలుతురు ఎటు నుంచి వచ్చిందో, ఏ పనిముట్టు వాడాడో పెన్సిలుతో పొడి అక్షరాల్లో రాసేవాడు. ఇలా రాసుకోవడం చూసి చాలామంది అతన్ని పోలీసుల మనిషి అనుకున్నారు. అతను ఆ అనుమానాన్ని తీర్చే ప్రయత్నం చేయలేదు. తాను అందరినీ అనుమానిస్తున్నప్పుడు అందరూ తనను అనుమానించడం అతనికి సహజంగానే తోచి ఉంటుంది.

అతని దగ్గర ఉన్నది చేతిలో ఇమిడే చిన్న జపాను కెమెరా. ఎవరో వాడి అమ్మినది. దాని అద్దం ఊడదు, మారదు; ఎంత చూడాలని తయారైందో అంతే చూస్తుంది. దానితో మనిషి ఫోటో బాగా వచ్చేది. పెళ్లి ఫోటోల దగ్గర చిక్కు వచ్చింది. మా వైపు పాత ఇళ్ల గదులు ఇరుకు. పదిహేను మందిని నిలబెట్టి యాకయ్య వెనక్కి జరిగితే వీపుకు గోడ తగిలేది. అంచున ఇద్దరు ముగ్గురు ఫోటోలో పడేవారు కారు. పడనివాళ్లు అది కెమెరా తప్పని ఒప్పుకోరు.

తరిగొప్పుల నుంచి ఒక పెద్దమనిషి తన చిన్నాన్న సంగతి తేల్చుకోవడానికి ఫోటో పట్టుకుని దుకాణానికే వచ్చాడు.

"ఏమయ్యా, మా చిన్నబాపు చెయ్యి పడ్డది, మనిషి పడలె. గీ చెయ్యి ఎవల్దని సుట్టాలు అడుగుతున్నరు. పెద్దబాపు గిట్ల చెప్పి తీసేయించిండా?"

"గోడ అడ్డమొచ్చిందే. నేనేడికి జరగాలె?"

"గోడకు మా చిన్నబాపే దొరికిండా?"

ఇటువంటివి నాలుగైదు జరిగాక, కెమెరా అద్దానికి ముందు మరో అద్దం మరలాగా తిప్పి బిగిస్తే ఎక్కువ వెడల్పు పడుతుందని ఒక పాత పత్రికలో చదివి, డెబ్బై ఆరో సంవత్సరంలో యాకయ్య ప్యాసింజరు బండిలో సికింద్రాబాదు వెళ్లాడు. వెళ్లే ముందు భార్య సుగుణ అడిగింది. ఆమె పుట్టిల్లు మొగుళ్లపల్లి. ఫోటోలు కత్తిరించి అట్టలకు అంటించే పని ఆమెది. మాట సూటిగా ఉంటుంది.

"కొత్త కెమెరా కొనరాదు?"

"కొత్త కెమెరా కొనేటోనికి గోడ అడ్డం రాదు. పెద్దిల్లోళ్లే పిలుస్తరు."

సికింద్రాబాదులో అతను వెళ్లింది పాత కెమెరాల సందులో ఒక చిన్న కొట్టుకు. అక్కడ జరిగినది అతను నాకు చాలాసార్లు చెప్పాడు. ప్రతిసారీ ఒకే విధంగా చెప్పాడు గనుక నిజమేననుకుంటాను.

"దూరపు అద్దం గావాలె" అన్నాడట.

కొట్టువాడు మూరెడు పొడుగున్న గొట్టం తీసి చేతిలో పెట్టాడు. యాకయ్య దాన్ని కంటికి పెట్టుకుంటే వీధి చివర ఉన్న బస్సు బోర్డు మీది అక్షరాలు ముక్కు దగ్గరికి వచ్చాయి.

"గిదేంది? దూరం జెయ్యమంటె దగ్గర జేస్తున్నది."

"దూరంది దగ్గరికొస్తెనే గదన్నా దూరపు అద్దం?"

"నాకు దగ్గరున్నోళ్లను దూరం జేసేది గావాలె."

"ఎవల్నన్నా? అత్తగారోళ్లనా?"

కొట్టులో ఉన్నవాళ్లు నవ్వారు. యాకయ్య నవ్వలేదు. కళ్లద్దాల దుకాణంలో నేర్చుకున్న మాట కెమెరాల దుకాణంలో తిరగబడిందని అప్పుడు గ్రహించాడు. ఇంకా అతను ఆ నవ్వును కూడా అనుమానించాడు: నవ్వించి మరపించి అంటగట్టే రకమేమో.

చివరకు కొట్టువాడు వెడల్పు చేసే అద్దాలు మూడు బయట పెట్టాడు. మొదటిది కెమెరా కంపెనీదే. తోలు సంచీతో వచ్చింది. దాని ధర విని యాకయ్య సంచీని కూడా ముట్టుకోలేదు. రెండవది వాడినది, మంచి బరువు ఉంది, కానీ దాని మర కెమెరా మరతో కలవలేదు. మధ్యలో ఒక రింగు వేస్తే సరిపోతుందని కొట్టువాడు అన్నాడు. మూడవదాని మీద కంపెనీ పేరే లేదు. జపాను దేశపు సరుకని ఇంగ్లిషులో ఉన్న అక్షరాలు కూడా ఒకటి పైకి, ఒకటి కిందికి ఉన్నాయి.

యాకయ్య జేబులోంచి పలుచటి బట్టర్ పేపరు ముక్క తీశాడు. కెమెరా వెనుక తలుపు తెరిచి, ఫిల్ము ఉండవలసిన చోట ఆ ముక్కను పరిచి, షట్టరు తెరిచి ఉండేలా మీట బిగించి, తల మీద తువ్వాలు కప్పుకుని చూశాడు. అలా చేస్తే ఫిల్ము మీద ఏది పడబోతుందో అది ఆ కాగితం మీద తలకిందులుగా కనిపిస్తుంది. కెమెరా పైన ఉన్న చూపుడు కిటికీ నుంచి చూస్తే లాభం లేదు. ముందు ఏ అద్దం బిగించినా ఆ కిటికీకి తెలియదు. ఈ సంగతి తెలియనివాళ్లు కిటికీలోంచి చూసి సరుకు కొనుక్కుపోతారని కొట్టువాడే తర్వాత ఒప్పుకున్నాడట.

రింగు వేసిన రెండవ అద్దానికి కాగితం నాలుగు మూలలూ నల్లబడ్డాయి. రింగు అద్దాన్ని ముందుకు నెట్టింది గనుక అంచులను తానే కప్పేసింది. మూడవది మూలలదాకా వెలుతురు ఇచ్చింది. పేరులేని సరుకు బాగుండటం యాకయ్యకు నచ్చలేదు.

"వారం రోజులు వాడి చూస్త. మంచిగుంటె ఉంచుకుంట."

"గట్ల ఎవలియ్యరన్నా."

యాకయ్య చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టి, అద్దం తీసుకుని వచ్చాడు.

ఇంటికి వచ్చి తెలుగు దినపత్రిక ఒక పూర్తి తావు తీసుకుని ఇంటి గోడకు నాలుగు మేకులతో కొట్టాడు. ఎదురుగా స్టాండు వేసి, కెమెరా కంటిపాపను, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రాన్ని, ఒక్కొక్క మెట్టు చిన్నది చేస్తూ ఎనిమిది ఫోటోలు తీశాడు. కడిగి, ముద్రించి, భూతద్దం పెట్టి మూలల్లోని అక్షరాలు చదివాడు. కంటిపాప పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు మూలల్లోని ఒత్తులు అలుక్కుపోయాయి. దాని మెట్ల మీద ఎనిమిది అని రాసి ఉన్న చోటికి వచ్చేసరికి ఒత్తులు, దీర్ఘాలు, సున్నాలు అన్నీ చదవడానికి వచ్చాయి. పద్ధతిలో ఏ లోపమూ లేదు. నేనైనా అంతకంటే బాగా చేసి ఉండను.

అప్పుడు సుగుణ ఆ ఫోటోను చేతిలోకి తీసుకుని, చాచిన చేతి దూరంలో పెట్టి చూసింది.

"గిదేందయ్యా, పేపరు కడుపుబ్బింది?"

"గోడ ఉబ్బింది. పేపరేం జేస్తది?"

నిజమే, ఆ గోడ ఉబ్బినదే. మట్టి గోడ, రెండు వానాకాలాలు తడిసి నడుమ పొట్ట వచ్చింది. యాకయ్య గోడను చూశాడు, ఫోటోను చూశాడు, తృప్తి పడ్డాడు. వారం తర్వాత సికింద్రాబాదు వెళ్లి ధర చెల్లించి గడియారం తెచ్చుకున్నాడు.

ఆ అద్దానికి అతను ముక్కు అని పేరు పెట్టాడు. బిగిస్తే కెమెరాకు ముక్కు మొలిచినట్టే ఉండేది. రెండేళ్లపాటు జనగామ చుట్టూ ఎన్నో పెళ్లిళ్లు ఆ ముక్కుతోనే తీశాడు. చిన్నబాపులందరూ ఫోటోల్లో పడ్డారు. అంచున నిలబడ్డవాళ్లు కొంచెం లావుగా వచ్చేవారు. అది పెళ్లి భోజనాల మహిమ అనుకున్నారు. వెనుక ద్వారబంధం వంగి ఉండేది. మా ఇళ్ల ద్వారబంధాలు ఏవి నిటారుగా ఉన్నాయి గనుక! గోడలు, దూలాలు, వాసాలు, అరుగులు, ఏదీ తిన్నగా లేని ఊళ్లలో, తిన్నగా ఉన్నదాన్ని వంచే అద్దం రెండేళ్లు దొరకకుండా తిరిగింది.

ఇక తగాదా. దేవరుప్పులలో వెంకట్రాం, హన్మంత్ అన్నదమ్ములు. తండ్రి పోయాక చెలక పంచుకుని మధ్యలో గెట్టు వేసుకున్నారు. గెట్టు అంటే రెండు చేల నడుమ మట్టితో పోసిన హద్దు. డెబ్బై ఎనిమిది ఎండాకాలంలో తమ్ముడు హన్మంత్ నా దగ్గరికి వచ్చి, అన్న గెట్టును తన చెలకలోకి జరిపాడని దావా వేయమన్నాడు. సాక్ష్యంగా ఒక పెద్ద ఫోటో బల్ల మీద పరిచాడు.

"సూడుండ్రి వకీల్ సాబ్. గింత పచ్చిగ కనబడుతున్నదా లేదా?"

కనబడుతున్నది. గెట్టు మొత్తం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే ఫోటోలో ఉంది. రెండు కొసలూ ఉన్నచోటనే ఉన్నాయి. నడుమ భాగం విల్లులా ఫోటో కింది అంచు వైపు వంగి, ఇవతల ఉన్న హన్మంత్ చెలకలోకి వచ్చింది.

"ఎప్పుడు జరిపారు?"

"పోయినేడు. నేను కాపురంతోని పరేషాన్ల ఉన్నప్పుడు రోజింత రోజింత నూకిండు."

ఆ ఫోటో నాకు నచ్చలేదు. గెట్టు మీద నడుము ఎత్తున తంగేడు పొదలు వరుసగా ఉన్నాయి. వంపు వెంట పొదలు కూడా వంపుగానే ఉన్నాయి. నడుము ఎత్తు తంగేడుకు ఎన్ని ఏళ్లు పడుతుందో వ్యవసాయం ఎరిగిన వాళ్లకు చెప్పనక్కరలేదు. పోయిన ఏడాది మట్టి జరిపితే పొదలు వేళ్లతో సహా నడిచి రావాలి. అయితే గెట్టు ఎన్నో ఏళ్ల క్రితమే వంగి ఉండాలి, లేదా ఫోటో వంగి ఉండాలి. హన్మంత్ అబద్ధమాడుతున్నాడా, ఫోటో తీసినవాడు అబద్ధమాడుతున్నాడా అన్నది తేల్చుకోకుండా దాన్ని కోర్టుకు పెట్టకూడదనుకున్నాను. యాకయ్యను నెగెటివుతో సహా రమ్మని కబురు పెట్టాను.

అతను వచ్చాడు. నెగెటివు నా చేతికి ఇవ్వలేదు. తానే పట్టుకుని వెలుతురుకు ఎదురుగా చూపించాడు. దాని మీద దిద్దిన జాడ ఏమీ లేదు. కవరు మాత్రం చూడనిచ్చాడు. దాని మీద పెన్సిలుతో ఇలా ఉంది: "దేవరుప్పుల. హన్మంత్ పటేల్ గెట్టు. బావి ఒడ్డు మీదినుంచి. పొద్దటి ఎండ. ము."

ఆ చివరి అక్షరం దగ్గర నా వేలు ఆగింది. మా వైపు బాకీ గానీ బహుమానం గానీ చేతికి అందితే ముట్టింది అంటారు. నా అనుమానం అటే పోయింది.

"ఈ 'ము' ఏమిటి?" అన్నాను.

యాకయ్య వెంటనే జవాబు చెప్పలేదు. తల వంచుకున్నాడు. చెవుల కొసలు ఎర్రబడ్డాయి. కోర్టులో అటువంటి మౌనాన్ని నేను చాలాసార్లు చూశాను. తొంభై పాళ్లు దాని అర్థం ఒకటే.

"ముట్టిందా? ఎంత ముట్టింది?"

అతను తల ఎత్తి, దెబ్బ తిన్నట్టు చూశాడు.

"ముట్టుడు గాదు సాబ్. ముక్కు."

"ఏమిటి?"

"ముక్కు సాబ్. కెమెరాకు ముక్కు." జేబులోంచి ఆ అద్దం తీసి బల్ల మీద పెట్టాడు. "మీ అసొంటోళ్ల ముంగట ముక్కు అనుడు బాగుండదని నోరు రాలె."

నేను నవ్వకుండా ఉండటానికి ప్రయత్నించాను. తర్వాత అడిగాను: ఆ గెట్టు ఫోటోకు ముక్కు ఎందుకు అవసరమైంది? గెట్టు మొత్తం ఒకే ఫోటోలో రావాలని హన్మంత్ పట్టుబట్టాడట. యాకయ్య నిలబడ్డది బావి ఒడ్డు. ఒక్క అడుగు వెనక్కి వేస్తే నీళ్లలో పడతాడు. అందుకని ముక్కు పెట్టాడు.

బల్ల మీది స్కేలు తీసి ఫోటోలో పొలం వెనుక దూరంగా కనిపిస్తున్న కరెంటు తీగ మీద పెట్టాను. ఆ తీగ ఫోటో పై అంచు దగ్గర ఉంది. అది పైకి ఉబ్బింది. తీగ బరువుకు కిందికి జారుతుంది, పైకి ఉబ్బదు. స్కేలును అలాగే ఉంచి యాకయ్య ముఖం చూశాను. అతను సైకిలెక్కి దుకాణానికి పోయి, రెండేళ్ల పెళ్లి ఫోటోలు ఒక సంచీలో తెచ్చాడు. నా బల్ల మీద ఒక్కొక్కటిగా పరిచి, ఒక్కొక్క ద్వారబంధం మీద స్కేలు పెడుతూ పోయాడు. ఎడమ అంచున ఉన్న ద్వారబంధాలన్నీ ఎడమకు ఉబ్బాయి. కుడి అంచున ఉన్నవన్నీ కుడికి ఉబ్బాయి. ఇళ్లు వేరు, ఊళ్లు వేరు, వడ్రంగులు వేరు. అందరు వడ్రంగులూ కూడబలుక్కుని అలా చేయరు.

చివరి ఫోటో దగ్గర అతని చెయ్యి ఆగింది.

"సుగుణ మొదాలే చెప్పింది సాబ్. గోడ ఉబ్బిందని నేనే కొట్టిపారేసిన."

"ఈ ఫోటోను నేను కోర్టులో పెట్టను" అన్నాను. "నీ పేరు బయటికి రాదు."

"ఎప్పుడో వచ్చింది సాబ్. హన్మంత్ పటేల్ గా ఫోటోను ఊరంత తిప్పిండు. ఎంకట్రాం పటేల్ హోటల్ల కూసోని, యాకయ్య లంచం తిని గెట్టు వంచిండు అంటున్నడట." ఫోటోలను సంచీలో సర్దుతూ మళ్లీ అన్నాడు. "నేను చప్పుడు జెయ్యకుంటె ఎంకట్రాం పటేల్ దొంగయితడు. అద్దం తప్పని చెప్తె రెండేండ్ల నుంచి దొంగ ఫోటోలు తీసినోన్ని నేనయిత. ఫోటో దుకాణమంటె నమ్మకమే గద సాబ్. గది పోతె ఇగ ఏమున్నది?"

నేను సలహా ఇవ్వలేదు. వకీలుగా నా బాధ్యత హన్మంత్ పట్ల. అతనికి అసలు సంగతి చెప్పడం వరకే. తలుపు దాకా పోయిన యాకయ్య వెనక్కి తిరిగి, "అన్నదమ్ములిద్దర్ని బాయికాడికి పిలిపియ్యుండ్రి. చూపిస్త" అన్నాడు.

మరుసటి ఆదివారం పొద్దున బావి ఒడ్డున కలిశాం. హన్మంత్, అతని జీతగాడు లింగ్యా ఇటు; వెంకట్రాం, ఇద్దరు ఊరి పెద్దలు అటు. వాళ్ల తల్లి రాధమ్మ ఎవరి పక్కనా నిలబడకుండా మోటరు గది నీడలో కూర్చుంది. యాకయ్య స్టాండు వేసి, కెమెరా వెనుక తలుపు తెరిచి బట్టర్ పేపరు పరిచి, స్టూడియోలోని నల్లగుడ్డ తెచ్చి మీద కప్పాడు.

"ముందుగాల ముక్కు లేకుంట సూడుండ్రి. పెద్ద పటేలా, మీరు రాండ్రి."

వెంకట్రాం అనుమానంగానే గుడ్డలో తల దూర్చాడు.

"ఓరి! నా చెలక తలకిందులైందేందిరా?"

"బొమ్మ గట్లనే పడ్తది. గెట్టు తిన్నగున్నదా లేదా, గది చెప్పుండ్రి."

"తిన్నగనే ఉన్నది. సగమే కనబడుతున్నది."

"ఇగ ముక్కు పెడుతున్న."

గుడ్డ లోపలి నుంచి వెంకట్రాం గొంతు మారి వినిపించింది. "వంగింది. మొత్తం కనబడుతున్నది గని వంగింది."

హన్మంత్ అన్నను భుజం పట్టి పక్కకు జరిపి తాను తల పెట్టాడు. చాలాసేపు చూశాడు.

"మా దిక్కే వంగింది గద? జరిపినట్టే ఉన్నది గద?"

"పటేలా, కెమెరా తల పట్టుకోని జర కిందికి దించుండ్రి. మీ చేతుల్తోనే దించుండ్రి. నేను ముట్ట."

హన్మంత్ దించాడు. ఫోటో కింది అంచున ఉన్న గెట్టు పై అంచుకు చేరింది. గుడ్డలోంచి ఒక మూలుగు వినిపించింది. మళ్లీ ఎత్తాడు, మళ్లీ దించాడు.

"ఏమైంది పటేలా?" లింగ్యా అడిగాడు.

"తల ఎత్తితె గెట్టు మన చెలకలకు వస్తున్నది. దించితె అన్న చెలకలకు పోతున్నది."

"మంచిగైంది పటేలా! దావా ఎందుకు? గట్లనే కొంచెం దించి పట్టుకోండ్రి, రెండు గుంటలు మనకే కలుస్తయి."

వెంకట్రాం కూడా నవ్వాడు. హన్మంత్ మాత్రం గుడ్డ విసిరికొట్టి యాకయ్య మీదికి వచ్చాడు.

"నీ ముక్కు నా కేసు చెడగొట్టింది గదరా! కొనేటప్పుడు కండ్లు కనబళ్లేదా?"

"కనబడ్డయి పటేలా. ఒక్కో అక్షరం చూసిన. పేజీ చూడలె." యాకయ్య అందరికీ వినబడేలా అన్నాడు. "తప్పు నాది. లంచం మాత్రం ఎవ్వల్తాన తినలె. గీ ముక్కుతోని తీసిన ఫోటోలున్నోళ్లకు, అంచున ఉబ్బినోళ్లకు, ఒంటిగ ఇంకో ఫోటో తీసిస్త."

పెద్దల్లో ఒకరు కూడా గుడ్డ కింద తల పెట్టి చూసి, వెంకట్రాం వైపు తిరిగి, "హోటల్ల అన్న మాట వాపసు తీస్కో" అన్నాడు. వెంకట్రాం "తీస్కున్న" అన్నాడు, ఆ మాట అప్పు తీర్చినట్టు అన్నాడు.

తర్వాత సర్వే గొలుసు వేయించాం. గెట్టు ఎటూ జరగలేదు. కానీ పంచుకున్ననాడు నాలుగు అడుగుల వెడల్పు ఉన్న గెట్టు ఇప్పుడు రెండున్నర అడుగులే ఉంది. అటు అన్న, ఇటు తమ్ముడు, ఏటేటా నాగలితో కొంచెం కొంచెం గీక్కుంటూ వచ్చారు. ఎవరు ఎంత గీకారో ఏ కెమెరా చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. దావా వేయకుండానే హన్మంత్ తన కాగితాలు తీసుకుపోయాడు.

యాకయ్య నష్టపోయాడు. ఆ సంవత్సరం దేవరుప్పుల నుంచి ఒక్క పెళ్లికీ పిలుపు రాలేదు. తరిగొప్పుల పెద్దమనిషి మళ్లీ వచ్చి, చిన్నబాపు లావు నిజమైనదా కాదా తేల్చమన్నాడు. యాకయ్య మాట ప్రకారం నలభై మందికి పైగా ఒంటరి ఫోటోలు తీసిచ్చాడు. కొందరు సన్నగా వచ్చినందుకు పోట్లాడి, ఉబ్బిన ఫోటోనే ఉంచుకున్నారు.

ఈసారి సికింద్రాబాదు వెళ్లినప్పుడు పేపరు తీసుకుపోలేదు. ఒక చెక్క చట్రానికి నిలువుగా, అడ్డంగా బిగువుగా దారాలు కట్టి తీసుకుపోయాడు. ఆ సందులోని ప్రతి కొట్టులో ప్రతి అద్దాన్నీ దారాలకు ఎదురుగా పెట్టి చూశాడు. తోలు సంచీ అద్దం కూడా వంచింది, కాకపోతే తక్కువ. తిరిగి వచ్చి నాతో అన్నాడు: "వంచనిది లేదు సాబ్. అగ్గువకు దొరికేది ఇంకింత వంచుతది. ఎంత వంచుతదో ఎరికైనది ఉంచుకునుడే." పాత ముక్కునే ఉంచుకున్నాడు. అప్పటి నుంచి ఆ ముక్కుతో తీసిన ప్రతి ఫోటో వెనుక, కవరు మీద కాదు, ఫోటో వెనుకనే, ఆ అక్షరం రాసేవాడు.

ఏడాదిన్నర తర్వాత దేవరుప్పుల నుంచి పిలుపు వచ్చింది. పిలిచింది రాధమ్మ. ఇద్దరు కొడుకులతో కలిసి ఒక ఫోటో కావాలన్నది. పాత ఇంటి వాకిలిని పంపకాల్లో నడిమికి చీల్చి గోడ పెట్టారు గనుక యాకయ్య ఆ గోడకు వీపు ఆనించి నిలబడవలసి వచ్చింది. జేబులోంచి ముక్కు తీస్తుంటే హన్మంత్ అడ్డుపడ్డాడు.

"గది పెట్టకు. ఉత్తగ తియ్యి."

"ఉత్తగ తీస్తె మీ ఇద్దర్ల ఒక్కరే పడ్తరు పటేలా. ఎవల్ని తియ్యమంటరు?"

అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకున్నారు. రాధమ్మ కుర్చీలో సర్దుకుని కూర్చుని, "పెట్టు బిడ్డా ముక్కు" అన్నది.

ఇద్దరూ తల్లి కుర్చీకి ఆనుకుని నడుమనే నిలబడాలని చూశారు. యాకయ్య ఒప్పుకోలేదు. జేబులోంచి దారం తీసి, కుర్చీ కోడు నుంచి ఇటు కొలిచి వెంకట్రాం కాలి దగ్గర నేల మీద గీత గీశాడు. అదే దారంతో అటు కొలిచి హన్మంత్ కాలి దగ్గర గీశాడు.

"దారమెందుకురా మళ్లీ?" వెంకట్రాం అడిగాడు.

"ఎవలు జర ఎక్కువ ఉబ్బినా నా మీదికే వస్తరు పటేలా."

హన్మంత్ తన గీతను ఒకసారి, అన్న గీతను ఒకసారి చూసి, కాలి బొటనవేలిని గీతకు ఆనించి నిలబడ్డాడు.

ఆ ఫోటో కాపీ ఒకటి యాకయ్య నాకు ఇచ్చాడు. స్కేలు పెట్టి చూశాను. అన్నదమ్ములిద్దరూ ఒకే కొలతన ఉబ్బారు. తల్లి ఉన్నది ఉన్నట్టు వచ్చింది. వెనుక పెన్సిలుతో ఇలా ఉంది: "దేవరుప్పుల. పంపకాల గోడకు ఆనుకుని. అవ్వ నుంచి అటు మూర, ఇటు మూర. ము."